మన పేటకు ఏం కావాలో ముందు మన పేటనే అడుగుదాం

(భీమవరంలో ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 ముందు వరసల్లో కూర్చున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, మా హాస్టల్లో చదువుకుని వెళ్ళి ఇవాళ మీసాలతో, చీరలతో వచ్చి "మేడం, నేనెవరో చెప్పండి" అని మాకే పరీక్ష పెడుతున్న మా పిల్లలకు ఆశీస్సులు.

హాస్టల్ వార్డెన్ మైకు పట్టుకుంటే చదువు గురించే చెప్తుందని మీరంతా అనుకుని ఉంటారు. పొద్దున్నే లేవండి, ఫోను పక్కన పెట్టండి అనే మాటలు మీరు మా దగ్గర రోజూ విన్నవే. ఇవాళ వేరే సంగతి మాట్లాడతాం. మీ పేటకు ఏం కావాలి? కావలసిన వాటిలో ముందు ఏది? ఆ లెక్క ఎవరు తేల్చాలి, ఎలా తేల్చాలి? ఈ నాలుగు ప్రశ్నలే మా విషయం.

ఈ రోజుకీ ఈ విషయానికీ సంబంధం ఉంది. 1982 ఆగస్టు 9న జెనీవాలో ఆదివాసీ జనాభాల కోసం ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. ఆ తేదీని గుర్తుపెట్టుకుని 1994 డిసెంబరులో సర్వప్రతినిధి సభ ఈ దినోత్సవాన్ని ప్రకటించింది. అంటే మనం ఇవాళ డప్పులు కొట్టి జరుపుకుంటున్నది ఆదివాసుల గోడు కూర్చుని వినడం మొదలుపెట్టిన రోజును. అంత పెద్ద సభ సంగతి సరే, మన పేటలో మన మాట మనం ఎప్పుడైనా కూర్చుని విన్నామా అన్నదే మా ప్రశ్న.

డెల్టాలో మనం ఎక్కడున్నాం

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. భీమవరం జిల్లా కేంద్రమైంది. పోలవరం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి లాంటి ఏజెన్సీ మండలాలు ఏలూరు జిల్లాకు వెళ్ళాయి. కోట రామచంద్రపురం ఐ.టి.డి.ఎ. కూడా అటే ఉంది. దాంతో మన పశ్చిమగోదావరి జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం మిగల్లేదు. 1996లో వచ్చిన పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభకు ప్రత్యేకమైన అధికారాలిచ్చింది. మైదానంలో ఉన్న మనకు ఆ చట్టం వర్తించదు.

ఇక్కడ మనవాళ్ళు ఎవరు? ఎక్కువగా యానాదులు, ఎరుకలవాళ్ళు. కాలువ గట్టు మీద కొన్ని ఇళ్ళు, మురుగు కోడు పక్కన కొన్ని ఇళ్ళు, ఊరి చివర పుంత పక్కన మరికొన్ని. చేపల చెరువుల మీద కాపలా కాసేవాళ్ళు, మేత వేసేవాళ్ళు గట్టు మీద గుడిసెల్లోనే కాపురం ఉంటారు. ఊరు మొత్తం ఒక సముద్రమైతే మనం అందులో చిన్న లంక.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, పథకాలు లెక్కలు చూసి వస్తాయి. 2024 అక్టోబరు 2న కేంద్రం ధర్తీ ఆబా పేరుతో గిరిజన గ్రామాల పథకం ప్రారంభించింది. మంచి పథకమే. అయితే అందులో ఊళ్ళను ఎంచుకునే ముఖ్యమైన కొలత, ఊరి జనాభాలో సగమైనా గిరిజనులు ఉండడం. మన డెల్టాలో మనం సగం ఉన్న ఊరు ఎక్కడుంది చెప్పండి? కాబట్టి మనల్ని వెతుక్కుంటూ పథకం వస్తుందని కూర్చుంటే కుదరదు. తక్కువమందిమి ఉన్నచోట మాట పొందిగ్గా ఉండాలి, అందరిదీ ఒక్కటై ఉండాలి, కాగితం మీద ఉండాలి.

వినకపోతే ఏమైంది, వింటే ఏమైంది

చరిత్రలో మూడు సంగతులు చెప్తాం. పాఠం చెప్పడం మా అలవాటు, ఓపిక పట్టండి.

మొదటిది మన ఊరికి దగ్గరిదే. భీమవరంలో 2022 జులై 4న అల్లూరి సీతారామరాజు గారి 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన పూర్వీకుల ఊరు మోగల్లు, మనకు కూతవేటు దూరం. ఆ విగ్రహం దగ్గర ఫొటో దిగినవాళ్ళు చాలామందే ఉంటారు ఇక్కడ. 1922లో ఆ మన్యం ఎందుకు భగ్గుమందో ఎప్పుడైనా ఆలోచించారా? రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వకపోవడం, పోడు మీద ఆంక్షలు. ఆ బాధలు కొండమీద ప్రతి ఇంటికీ తెలుసు. కచేరీలో కూర్చున్నవాళ్ళ చెవికి మాత్రం ఎక్కలేదు. రాజుగారు ఆ జనం మధ్య ఉండి, వాళ్ళు తిన్నది తిని, ఆ బాధ తెలుసుకున్నారు. తర్వాతే పోరాటం.

రెండోది ఆదిలాబాద్ అడవుల్లోది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ చనిపోయాడు. అంత రక్తం చూశాక గాని నిజాం ప్రభుత్వానికి ఈ జనం బాధేమిటో తెలుసుకోవాలని అనిపించలేదు. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపించారు. ఆయన మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గూడెం గూడెం తిరిగి అడిగాడు. భూమి పోతోంది, కాగితం మా పేరున లేదు, మా భాషలో చదువు చెప్పేవాడు లేడు అన్నది జనం మాట. ఆ మాటల మీద నివేదికలు రాశాడు. తర్వాత గోండులకు పట్టాలివ్వడం మొదలైంది. మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే కేంద్రం పెట్టారు. టీచర్ ట్రైనింగ్ చేసిన వాళ్ళం కనుక ఆ సంగతి చదివినప్పుడల్లా మాకు ఒళ్ళు పులకరిస్తుంది. బయటినుంచి టీచర్ని పంపండి అనే దగ్గర ఆగకుండా, మాలోనే టీచర్లను తయారుచేయండి అనేదాకా ఆ అవసరం వెళ్ళింది. నిదానంగా అడిగితేనే అంత లోతు తెలుస్తుంది. అదే హైమన్‌డార్ఫ్ మన గోదావరి పక్క కొండరెడ్ల మధ్య కూడా ఉండి వాళ్ళ మీద ఒక పుస్తకమే రాశాడు.

మూడోది మనకళ్ళముందు జరిగింది. ఒడిశాలో నియమగిరి కొండ. అక్కడ బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్న తగువు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు, గ్రామసభలను అడగండి అని చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో 12 గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి కూర్చుని చూస్తుండగా డోంగ్రియా కోందులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. 12 సభలూ వద్దన్నాయి. మరుసటి ఏడాది కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. చిన్న చిన్న గూడేలు అవి. కాని ప్రతి మాటా సభలో చెప్పారు, ప్రతి మాటా రాతలోకి ఎక్కింది. అందుకే దానికి బలం వచ్చింది.

మన పేట అవసరం గనంత పెద్దది కాకపోవచ్చు. ఒక కుళాయి, ఒక లైటు, ఒక వంతెన. దారి మాత్రం అదే. కూర్చుని వినాలి, సభలో చెప్పాలి, రాతలోకి ఎక్కించాలి.

మన తలుపు ఎక్కడుంది

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు స్థానం ఇచ్చింది. గ్రామసభ అంటే సర్పంచి, వార్డు మెంబర్లు అనుకునేరు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే, సభ్యురాలే. ఇక్కడే మన మొదటి పని బయటపడుతుంది. చెరువు గట్టు మీదికి కాపలాకి వచ్చినవాళ్ళ పేర్లు ఈ ఊళ్ళోనూ ఉండవు, సొంత ఊళ్ళోనూ ఎగిరిపోయి ఉంటాయి. జాబితాలో పేరు లేకపోతే సభలో మీరు చూసేవాళ్ళే, సభ్యులు కారు. 18 నిండిన ప్రతి ఒక్కరూ ముందు తమ పేరు చూసుకోండి. తర్వాత అమ్మానాన్నల పేర్లు చూడండి.

రెండోది, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. 2018 అక్టోబరు 2న దేశమంతా ప్రజా ప్రణాళిక ప్రచారం మొదలుపెట్టి, ప్రతి పంచాయతీ తన వచ్చే ఏడాది పనుల ప్రణాళికను జనంతో కలిసి తయారుచేయాలన్నారు. ఆ ప్రణాళికలు ఇ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో ఉంటాయి. మీ ఫోన్లో రీలు చూసే ఐదు నిమిషాల్లో మీ పంచాయతీ ప్రణాళిక తీసి చూడొచ్చు. మీ పేట పేరు అందులో ఒక్కసారైనా ఉందో లేదో చూడండి. అది చూశాక మీకు ఈ ప్రసంగం అక్కర్లేదు.

మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనులకు ఆమోదం తీసుకోవడం అందులో ముఖ్యమైన పని. ఆ రోజు మీ ఊళ్ళో మీ పేట నుంచి ఎవరైనా వెళ్ళారా? వెళ్ళినవాళ్ళు మాట్లాడారా? లేక వెనక నిలబడి, సంతకం పెట్టి, టీ తాగి వచ్చారా? ఈ ప్రశ్న ఎవర్నీ తప్పుపట్టడానికి కాదు. సభకు వెళ్ళేముందు పేటలో మాట తేల్చుకోకపోతే ఎవరైనా వెనకే నిలబడతారు.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీల గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికే కట్టిపెట్టింది. 2013లో వచ్చిన ఎస్.సి., ఎస్.టి. ఉప ప్రణాళిక చట్టం ప్రకారం ప్రభుత్వ శాఖలు మన జనాభా నిష్పత్తిలో మన కోసం నిధులు కేటాయించాలి. పదేళ్ళు నిండిన ఆ చట్టాన్ని 2023లో మరో పదేళ్ళు పొడిగించారు. నీళ్ళు కావాలి, మురుగు కాలువ కావాలి అని అడగడం దయ కోరడం కాదు. ఏ ఖాతాలో ఏ పనికి డబ్బుంటుందో తెలిసి అడిగే మాటకు బరువు ఉంటుంది.

పేటలో కూర్చుంటే ఏం తెలిసింది

సెలవుల్లో మా హాస్టల్ పిల్లలు, మేము కలిసి ఒక కాలువ గట్టు పేటలో ఈ పని చేశాం. ఊరి పేరు అవసరం లేదు. మీ అందరి పేటలూ దాదాపు అలాగే ఉంటాయి.

మొదట ఒక పెద్దావిడ అన్నారు: "మాకేం కావాలో మీరే రాసేసుకోండమ్మా. ఎవరొచ్చినా అలాగే రాసుకెళ్తారు గదా." ఆ మాటలో కోపం లేదు. అలవాటు ఉంది. అది మాకు కోపం కంటే ఎక్కువ గుచ్చుకుంది.

మేము రాసుకోలేదు. ముగ్గుపిండి తెచ్చి అరుగు ముందు పేట బొమ్మ వేయమన్నాం. ఆడవాళ్ళకు ముగ్గు వేయడం ఎవరూ నేర్పక్కర్లేదు కదా. కాలువ ఒక గీత, గట్టు ఒక గీత, ఇంటికో చుక్క. నీళ్ళు తెచ్చుకునే చోట చింతాకు పెట్టమన్నాం. ఒక్కొక్కరూ వచ్చి పెట్టారు. పేటలో ఉన్న కుళాయి దగ్గర ఒక్క ఆకు పడలేదు. ఆకులన్నీ కాలువ దాటి ఊళ్ళో ఉన్న మంచినీళ్ళ చెరువు దగ్గర పడ్డాయి. "కుళాయి ఉంది కదా?" అని అడిగితే, ఉప్పదనం వల్ల ఆ నీళ్ళు గిన్నెలు కడగడానికే అని తెలిసింది. కాగితాల్లో ఆ పేటకు కుళాయి ఉన్నట్టే. తాగే నీళ్ళు లేవన్న సంగతి ముగ్గులోనే తేలింది.

తర్వాత మగవాళ్ళను, ఆడవాళ్ళను, పిల్లల్ని వేరువేరుగా కూర్చోబెట్టాం. మగవాళ్ళు ముందు కమ్యూనిటీ హాలు కావాలన్నారు. ఆడవాళ్ళు తాగునీళ్ళు, మరుగుదొడ్లు అన్నారు. ముసలివాళ్ళు చాలాసేపు ఏమీ అనలేదు. చివర్లో ఒక తాతగారు, "చచ్చాక పెట్టుకోడానికి చోటు చూపించండి" అన్నారు. శ్మశానం లేదు. ఎవరైనా పోతే కోడు గట్టు మీద ఎక్కడో చోట చూసుకోవాలి. వానాకాలంలో ఆ చోటూ ఉండదు.

పిల్లలు చెప్పింది వీళ్ళెవరూ చెప్పనిది. కాలువ మీద రెండు తాటిమాకులు వేసి ఉన్న వంతెన. పట్టుకోడానికి ఏమీ లేదు. పెద్దవాళ్ళు బిందెలతో దాటేస్తారు కాబట్టి వాళ్ళకది అవసరంలా కనిపించడం మానేసింది. అంగన్‌వాడీ అవతల గట్టున ఉంది. కాలువలో నీళ్ళు నిండుగా ఉన్నన్నాళ్ళూ చిన్నపిల్లల్ని తల్లులు పంపడం లేదు. "బడి మానేస్తున్నారు, తల్లిదండ్రులకు అవగాహన లేదు" అని రాసేసుకుంటే ఎంత తేలిక! నిజానికి అక్కడ కావలసింది అవగాహన సదస్సు కాదు, వంతెనకు పట్టుకునే కమ్మీలు.

చివరికి అందరూ కూర్చుని గింజలు వేశారు. తాగునీళ్ళు మొదటిది, వంతెన రెండోది, శ్మశానం మూడోది. కమ్యూనిటీ హాలు అడిగినవాళ్ళే నీళ్ళ దగ్గర గింజలు వేశారు. ఎందుకని అడిగితే ఒకాయన నవ్వి, "అది సభలో అడిగేదండి, ఇది ఇంట్లో అడిగేదండి" అన్నారు.

మీరు చేయాలంటే ఇలా చేయండి

ఇప్పుడు నోటు పుస్తకం ఉన్నవాళ్ళు తీయండి. ఫోన్లో రాసుకున్నా సరే.

ఒకటి. ఐదారుగురు ఒక జట్టు కండి. అందులో సగంమంది అమ్మాయిలు ఉండాలి. ఆడవాళ్ళు చెప్పే కొన్ని బాధలు అబ్బాయిల ముందు నోటికి రావు. పేటలో యానాదులు, ఎరుకలవాళ్ళు ఇద్దరూ ఉంటే జట్టులోనూ ఇద్దరూ ఉండాలి.

రెండు. ప్రతి గడపా తొక్కండి. పేట పెద్ద ఇంటి ముందు అందర్నీ పిలిచి మాట్లాడితే పెద్దాయన మాటే అందరి మాట అవుతుంది. ఒంటరి ఆడవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, గట్టు మీద కాపలా ఉన్నవాళ్ళు ఆ గుంపులోకి రారు. వాళ్ళ వేళకు మీరు వెళ్ళండి. చేలో పనికి పోయేవాళ్ళు రాత్రి ఎనిమిదికి దొరుకుతారు. కాపలావాళ్ళు పగలు నిద్రపోతారు, లేపకండి.

మూడు. "మీకేం కావాలి?" అని అడగొద్దు. అలా అడిగితే అంతకుముందు ఎవరో ఇస్తామన్నదే చెప్తారు. నిన్నటి రోజు అడగండి. నిన్న నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చారు? ఎన్నిసార్లు వెళ్ళారు? పాపకి జ్వరమొస్తే ఎంతదూరం తీసుకెళ్ళారు, ఎంత ఖర్చయింది, ఆ డబ్బు ఎవరిచ్చారు? రాత్రిపూట బయటికెళ్ళడానికి ఎటు వెళ్తున్నారు? జవాబుల్లో అవసరం దానంతటదే బయటికొస్తుంది.

నాలుగు. ఏడాది పొడుగునా అడగండి. డెల్టాలో మన బతుకు కాలువతో నడుస్తుంది. సార్వాకి నీళ్ళొదిలినప్పుడు ఒక బాధ, దాళ్వా అయి కాలువలు కట్టేశాక ఒక బాధ, తుఫాను రోజుల్లో ఇంకో బాధ. ఆగస్టులో అడిగితే బురద గుర్తొస్తుంది, మేలో అడిగితే నీళ్ళు గుర్తొస్తాయి. నెల నెలా గీతలు గీసి ఏ నెలలో పని లేదు, ఏ నెలలో అప్పు చేస్తారు, ఏ నెలలో పిల్లలు బడి మానేస్తారు అని గుర్తులు పెట్టించండి. సంక్రాంతికి ఇంటికెళ్ళిన పిల్లల్లో కొందరు ఎందుకు తిరిగి రారో మాకు అర్థమైంది ఆ గీతల్లోనే. అమ్మానాన్న కొత్త చెరువుకి మారతారు, చెల్లిని చూసుకోడానికి పెద్దపిల్ల ఆగిపోతుంది.

ఐదు. వరస తేల్చడానికి చింతగింజలు వాడండి. అవసరాలకు గుర్తుగా బొమ్మలు గీసిన కాగితాలు పరవండి. నీళ్ళకు బిందె, దీపానికి బల్బు, ఇంటి పట్టాకు ఇల్లు. మనిషికి పది గింజలు. ఎక్కువ కావాలనుకున్న చోట ఎక్కువ వేస్తారు. చదువు రానివాళ్ళూ చేయగలరు. ఆడవాళ్ళకు చింతగింజలు, మగవాళ్ళకు వేరే గింజలు ఇవ్వండి. ఎవరికి ఏది ముఖ్యమో విడిగా కనిపిస్తుంది. కాగితాల మీద చేట బోర్లించి, ఒక్కొక్కరే వెళ్ళి దాని కింద వేసి రావాలి. పక్కనోడి గింజ చూస్తే మన గింజ అటే జారుతుంది. ఇది మన ఊళ్ళకు కొత్తదేం కాదు. పల్లెల్లో జనంతో కలిసి అంచనా వేసే పద్ధతులు అని టీచర్లకు, పొదుపు సంఘాల వాళ్ళకు నేర్పేవి ఇవే.

ఆరు. ఎక్కువ గింజలు పడ్డదే ముందు అనుకోకండి. ఒక్క ఇంటికే ఉన్న బాధ ప్రాణం మీదిది కావచ్చు. వికలాంగుడైన కొడుకున్న తల్లికి పడే గింజలు పదే. అలాంటివి గింజల లెక్కకు బయట విడిగా రాయండి.

ఏడు. అవసరాలను నాలుగు కుప్పలు చేయండి. మనమే చేసుకోగలిగేవి, పంచాయతీ చేయగలిగేవి, జిల్లా అధికారులు చేయగలిగేవి, రాష్ట్రం తేల్చవలసినవి. చెత్త తీయడం, చిన్నపిల్లల్ని వంతుల వారీగా వంతెన దాటించడం మన కుప్ప. లైటు, కాలువ పూడిక పంచాయతీ కుప్ప. శ్మశానం స్థలం, ఇంటి పట్టా రెవెన్యూ వాళ్ళ దగ్గర తేలాలి. అందరినీ అన్నీ అడిగితే ఎవరూ ఏదీ చేయరు.

ఎనిమిది. ఒక్క పేజీలో రాయండి. ఎక్కడ, ఎన్ని ఇళ్ళకు, ఏ బాధ, ఎన్నాళ్ళ నుంచి, ఏం చేస్తే తీరుతుంది. గ్రామసభకు ముందే పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. సభలో ఒకరు చదవాలి, మిగతావాళ్ళు పక్కన నిలబడాలి. తీర్మానం పుస్తకంలోకి ఎక్కిందో లేదో చూసి రండి. పట్టణంలో ఉన్నవాళ్ళు వార్డు సచివాలయంలో ఇవ్వండి. అక్కడ తేలనిది సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు తీసుకెళ్ళండి. అర్జీ నంబరు ఉన్న రసీదు లేకుండా ఇంటికి రాకండి. ఏమైందో చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది.

కాగితాల సంగతి ఒకటి విడిగా

ఏ పేటలో అడిగినా కింద దాక్కుని ఉండే అవసరం ఒకటుంది. కాగితాలు. పుట్టిన సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆధార్‌లో తేదీ తప్పు. ఆధార్ తేడా కాబట్టి రేషన్ కార్డులో పేరు లేదు. కుల ధ్రువీకరణ లేదు కాబట్టి హాస్టల్ సీటుకు, స్కాలర్‌షిప్‌కు అడ్డం. జూన్ నెలలో మా ఆఫీసు గుమ్మంలో నిలబడే తల్లుల చేతుల్లో ప్లాస్టిక్ కవరు చూస్తే చాలు, ఏ కాగితం లేదో చెప్పేయగలం.

జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించాక, 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటరు నమోదుకు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. అంటే ఇప్పుడు గట్టు మీద పుట్టి నమోదు కాని బిడ్డకు ఐదేళ్ళ తర్వాత బడి గుమ్మం దగ్గర కష్టం ఎదురవుతుంది. కాబట్టి మీ జట్టు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఒక పట్టిక కూడా తయారుచేయండి. ఏ ఇంట్లో ఎవరికి ఏ కాగితం లేదో రాయండి. ఆధార్ నంబర్లు రాసుకోకండి, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి. ఉందా లేదా అన్నది చాలు. ఈ ఒక్క అవసరం తీర్చడానికి రోడ్డూ అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. చదువుకున్న మీరు పక్కన నడిస్తే చాలు.

జాగ్రత్తలు

కొన్ని మాటలు నలుగురిలో అడగకూడదు. చెరువు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాన్ని అందరి ముందు కూలి సంగతి అడిగితే వాళ్ళ పని పోవచ్చు. ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషి బాధ గింజలు వేసి తేల్చేది కాదు. అలాంటివి చెవిన పడితే పేరు బయట పెట్టకుండా నమ్మకమున్న పెద్దలకు, అవసరమైతే అధికారులకు చెప్పండి.

ముసలివాళ్ళు ఎరుకల భాషలో చెప్తే ఆ మాటే రాయండి. తెలుగులోకి మార్చేటప్పుడు సగం జారిపోతుంది. ఆ భాషలో మాట్లాడడానికి సిగ్గుపడే పిల్లలకు, ఆ రోజు తాతయ్య మాట పుస్తకంలో కనిపిస్తే గౌరవం వస్తుంది.

మాట ఇవ్వకండి. "మీకు నీళ్ళు తెప్పిస్తాం" అనకండి. "మీ మాట రాస్తాం, చదివి వినిపిస్తాం, ఎక్కడిదాకా వెళ్ళిందో వచ్చి చెప్తాం" అనండి. ఆ చివరి మాట తప్పకుండా నిలబెట్టుకోండి. పని కాకపోయినా వెళ్ళి కాలేదని చెప్పండి. మన పేటలకు వచ్చి రాసుకెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు. తిరిగొచ్చి ఏమైందో చెప్పినవాళ్ళే తక్కువ.

మేము వెళ్ళిన పేట సంగతి అడుగుతారని తెలుసు. వంతెనకు కమ్మీలు వచ్చాయి. ఇప్పుడు పిల్లలు అంగన్‌వాడీకి వెళ్తున్నారు. తాగునీళ్ళ తీర్మానం పుస్తకంలోకి ఎక్కింది, పైపు ఇంకా రాలేదు. శ్మశానం అర్జీ తిరుగుతూనే ఉంది. మూడింటిలో ఒకటి. కాని ఆ పేటవాళ్ళు ఇప్పుడు గ్రామసభలో వెనక నిలబడడం లేదు. "మాకేం కావాలో మీరే రాసేసుకోండి" అన్న ఆ పెద్దావిడ మొన్న మా పిల్లల్ని, "ఈసారి గింజలెప్పుడేస్తారే?" అని అడిగారట.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మేము మిమ్మల్ని కోరేది ఒక్కటే. వచ్చే గ్రామసభలోపు మీ పేటలో ఒక్క సాయంత్రం, ముగ్గుపిండి, చింతగింజలు, ఒక నోటు పుస్తకం పట్టుకుని కూర్చోండి. ఆ పేజీని సంఘానికి ఒక నకలు ఇవ్వండి. అన్ని పేటల పేజీలూ కలిపితే ఈ జిల్లాలో మన అవసరాల చిట్టా తయారవుతుంది. అది బయటివాళ్ళెవరో రాసిచ్చింది కాకుండా, మన పేటలు తేల్చుకున్నదై ఉంటుంది. రాయడంలో, అర్జీలో, అధికారుల దగ్గరికి వెళ్ళడంలో సాయం కావాలంటే హాస్టల్ గుమ్మం మీకు తెలుసు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

 జై ఆదివాసీ.